బండరాయి పడుకున్న పోటీ

ఫిబ్రవరి 6

కందిరీగమ్మకి,

నీ అన్న, నీ మొట్టమొదటి అభిమాని, నిన్నెవడైనా ఒక్క మాటంటే వాడి చొక్కా పట్టుకునేవాడు రాసేది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ వదినకి మాత్రం నామీద కోపం. శనివారం సాయంత్రం ఇంట్లో కుళాయి బాగుచెయ్యమంటే సెలూన్‌కి పోయి కూర్చున్నానట. ఏం చెయ్యను చెప్పు? ఆ టీవీ ముందు నాదంటూ ఒక కుర్చీ ఉంది. నేను కాస్త ఆలస్యం చేస్తే టైర్ల కొట్టాయన కూర్చుంటాడు. వాడికి కుస్తీ అంటే ఏం తెలుసు? ఎవరు గెలిచినా చప్పట్లు కొట్టే రకం.

ఇక పోటీల సంగతికొస్తాను. మొదటిది కోటు దొరది. ఆ మనిషి కోటు విప్పి మడతపెట్టేసరికే సగం పోటీ అయిపోతుంది. పోనీ తర్వాతైనా ఏమన్నా చేస్తాడా అంటే, అవతలివాడి చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే ఈయన నేలమీద దొర్లుతుంటాడు. అది కుస్తీయా, పిల్లలాటా? గొలుసు తాతని చూసి నేర్చుకోమను. వయసైపోయింది, మోకాళ్ళు లేవు, ఒప్పుకుంటాను. కానీ దెబ్బ తిన్నాక ఒక్క క్షణం ఏం కానట్టు నిలబడి, అప్పుడు మొహంలోకి తెస్తాడు చూడు నొప్పి, అదీ పనితనం. కొట్టడం ఎవడైనా కొడతాడమ్మా. తినడంలోనే ఉంది విద్యంతా.

ఇప్పుడు నీ పోటీ, కందిరీగకీ బండరాయికీ జరిగింది. బండరాయి నిన్ను భుజాలమీదికెత్తి పడేసిందా, నువ్వు లేచి కుడిచెయ్యి విదిలించుకున్నావు. విదిలించుకుని, ఆ వేళ్ళు నీవి కావన్నట్టు చూసుకున్నావు. సెలూన్లో ఒక్కడు ఊపిరి తీస్తే ఒట్టు! సెలూనాయన ఒకాయనకి సగం గడ్డం గీసి అలాగే కత్తి పట్టుకుని నిలబడిపోయాడు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, అంత బాగా దెబ్బ తినడం నేనెక్కడా చూడలేదు. ఆ బండరాయికి మాత్రం నా తరఫున చెప్పు, మనిషిని ఎత్తడమంటే సిమెంటు బస్తా ఎత్తడం కాదని. దాని మొహంలో జాలి అనేది కలికానికి కూడా దొరకదు.

పోయినేడు చెయ్యి విరిగిందని ఉత్తరం రాశావు, గుర్తుందా? నేనది సెలూన్లో చదివితే గట్టి గట్టి మగాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మీ వదిన రెండ్రోజులు అన్నం ముట్టలేదు. తీరా నువ్వు కట్టుతో ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టి, కట్టు విప్పి, అదే చేత్తో నీళ్ళ డ్రమ్ము ఎత్తి పక్కన పెట్టావు! అప్పట్నుంచి నేను మోసపోవడం మానేశాను తల్లీ.

ఉత్తరం రాయి. జనం అడుగుతున్నారు.

అన్నయ్య

*

ఫిబ్రవరి 12

అన్నయ్యా,

ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు. వదినకి చూపించు, ఇంకెవరికీ వద్దు. సెలూన్‌కి మాత్రం అస్సలు తీసుకెళ్ళకు.

పోయినేటి ఉత్తరం మా కుస్తీ కంపెనీ యజమాని దగ్గర కూర్చుని రాయించింది. ఇక్కడి కట్టుబాటు నీకు తెలుసుగా. బరిలో చెయ్యి విరిగినట్టు ఆడితే బజార్లోనూ విరిగినట్టే ఉండాలి, ఇంటికి రాసే ఉత్తరంలోనూ విరిగినట్టే ఉండాలి. ఒక్క మాట బయటికి పొక్కినా పెట్టె సర్దుకోవడమే. వదిన అన్నం మానేసిందని తెలిసి నాకెంత సిగ్గేసిందో చెప్పలేను.

ఇది అలాంటిది కాదు. ఆ రోజు వేళ్ళు చూసుకున్నది నటన కాదు. పడ్డప్పుడు మెడలో ఏదో చురుక్కుమంది. అప్పట్నుంచి చిటికెన వేలూ దాని పక్క రెండూ మొద్దుబారిపోయాయి. టీ గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. కంపెనీ డాక్టరు మెడ అటూ ఇటూ తిప్పి చూసి, నూనె రాసుకోమన్నాడు.

బండరాయిని తిట్టకు. తప్పు ఆమెది కాదు, ఎక్కేటప్పుడు నా కాలు జారింది. ఆ తర్వాత ఆమె నా గదికొచ్చి చాలాసేపు నా చెయ్యి ఒత్తుతూ కూర్చుంది. ఆమె మాట్లాడితే ఎంత మెల్లగా మాట్లాడుతుందో తెలుసా? నువ్వు నమ్మవు.

ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించింది, నీకు రాశాను. కంగారుపడకు.

నీ చెల్లి

*

ఫిబ్రవరి 17

బంగారు కందిరీగకి,

శెభాష్! శెభాషంటే శెభాష్!

‘సెలూన్‌కి మాత్రం అస్సలు తీసుకెళ్ళకు’ అని రాశావు చూడు, ఆ వాక్యం చదవగానే జనం కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. పోయినేటి ఉత్తరంలో ఏడుపెక్కువైంది, నేనే అనుకున్నాను కానీ నీకు చెప్పలేదు. ఈసారి నువ్వే పాత ఉత్తరం అబద్ధమని ఒప్పేసుకుని, ‘ఇది అలాంటిది కాదు’ అన్నావే! అక్కడ పడిపోయాను. ఎవరమ్మా ఇది రాసి ఇచ్చింది? మీ యజమానికంత బుర్ర లేదు. నీదే అయ్యుంటుంది.

టీ గ్లాసు జారడం బాగుంది. కంపెనీ డాక్టరు నూనె రాసుకోమనడం ఇంకా బాగుంది, సెలూనాయన పడీపడీ నవ్వాడు. ఒక్క సలహా. మూడు వేళ్ళు ఎక్కువ. రెండు చాలు. మరీ ఎక్కువ చెబితే జనం నమ్మరు. బండరాయి వచ్చి చెయ్యి ఒత్తిందన్న ముక్క కూడా తీసెయ్యాల్సింది. శత్రువంటే శత్రువులాగే ఉండాలి, లేకపోతే పోటీకి వేడెక్కడిది? నేనైతే చదివేటప్పుడు ఆ ముక్క మింగేశాను.

టైర్ల కొట్టాయన మాత్రం, ‘ఏమో అన్నా, నిజమేనేమో’ అన్నాడు. చెప్పానుగా, వాడి తెలివి అంతంత మాత్రమని.

మీ వదినకీ అదే అనుమానం. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ, ‘ఒకసారి వెళ్ళి చూసి రాకూడదూ’ అంది. నీకేం తెలుసే కుస్తీ సంగతి అన్నాను. ‘కుస్తీ సంగతి తెలీదు కానీ ఆ పిల్ల సంగతి తెలుసు’ అని గిన్నె ఠపీమని పెట్టి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు టీవీలో చూసిందంతా నమ్మేస్తారు. నువ్వూ ఆడదానివే అనుకో, నిన్ననడం లేదు.

ఈ శనివారం కోటు దొర మళ్ళీ గెలిచాడు. నాకు జ్వరం వచ్చినంత పనైంది.

అన్నయ్య

*

ఫిబ్రవరి 22

అన్నయ్యా,

నీకు దండం పెడతాను, ఈ ఉత్తరాన్ని మెచ్చుకోకు.

నిన్న ఆఫీసులో ఎవరూ లేనప్పుడు మీ బస్సు డిపోకి ఫోన్ చేశాను. ఎవరో తీశారు. నా గొంతు వినగానే ‘కందిరీగేరోయ్!’ అని అరిచి మెకానిక్కులందర్నీ పిలిచేశాడు. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. ‘వేళ్ళెలా ఉన్నాయి కందిరీగా?’ అని ఎవడో అడిగాడు, అందరూ నవ్వారు. పెట్టేశాను. నీ ఒక్కడి దగ్గర చెప్పుకున్న మాట డిపో అంతా ఎలా తిరుగుతోంది అన్నయ్యా?

ఇప్పుడు సూటిగా చెప్తాను. మార్చిలో రెండో శనివారం ఛాంపియన్ పట్టీ కోసం పెద్ద పోటీ. బండరాయితోనే. చివర్లో మళ్ళీ అదే, ఎత్తి పడెయ్యడం. ఊరంతా నా బొమ్మలు అంటించారు. నావల్ల కాదని యజమానికి చెప్పాను. ‘పోటీ దగ్గరపడితే అందరికీ ఎక్కడో ఒకచోట నొప్పి పుడుతుంది’ అన్నాడు. బయట డాక్టరు దగ్గరికి వెళ్తానంటే, కథలో లేని దెబ్బకి ఆస్పత్రి మెట్లెక్కితే ఆట బయటపడుతుందన్నాడు. నేను మళ్ళీ మళ్ళీ అడిగితే చివరికి, ‘నిన్ను చేర్చినప్పుడు పూచీ సంతకం పెట్టింది మీ అన్న. ఆయనొచ్చి నా ముందు కూర్చుని చెబితే చూద్దాం’ అన్నాడు.

కాబట్టి నువ్వు రావాలి. వచ్చి ‘మా చెల్లి ఆడదు’ అని చెప్పాలి. అంతే. ఆ ఒక్క మాట చాలు.

నాకు భయంగా ఉంది. పట్టీ కావాలని నాకూ ఉంది, అది నీకు తెలుసు. నీచేత సెలూన్లో ఆ కుర్చీలో కాలర్ ఎగరేయించాలని ఎన్నాళ్ళుగానో అనుకున్నాను. కానీ పొద్దున్నే జడ వేసుకోవడానికి కూడా నా చెయ్యి రావడం లేదు.

రా అన్నయ్యా.

నీ చెల్లి

*

ఫిబ్రవరి 27

అమ్మా కందిరీగా,

అంటే నన్ను కూడా ఆటలోకి దించుతున్నారన్నమాట! అన్న వస్తాడు, యజమాని ముందు కూర్చుంటాడు, కెమెరావాడు పక్కనే ఉంటాడు. చెల్లెలి కోసం అన్న కాళ్ళావేళ్ళా పడతాడు, యజమాని పొమ్మంటాడు, శనివారం అది చూపించి జనాన్ని ఏడిపిస్తారు. అవునా కాదా? ఈమాత్రం ఊహించలేనా నేను!

నాకు ఆశ లేదని కాదు. సెలూన్లో వాళ్ళయితే నువ్వెళ్ళి తీరాలని పట్టుబట్టారు. సెలూనాయన ఊరికే గడ్డం గీసి, మీసం కూడా దువ్వి పంపిస్తానన్నాడు. కానీ నా సంగతి నాకు తెలుసు కదా. నాకు నటన చేతకాదు. మీ యజమాని మొహం చూడగానే ఫక్కున నవ్వేస్తాను, నీ కష్టమంతా పాడైపోతుంది. పైగా డిపోలో బళ్ళన్నీ తనిఖీకి దింపారు, సెలవడిగితే మా ఫోర్‌మన్ నన్ను పచ్చిగా నమిలేస్తాడు.

డిపోలో చదివింది నేను కాదు, ఒట్టు. సెలూన్లో విన్నవాళ్ళు చెప్పుకున్నారు. దానికి అంత కోపమెందుకు? పేరు పాకుతోందంటే సంతోషించాలి.

మీ వదినతో మాత్రం పెద్ద గొడవైంది. ‘మీరెళ్ళకపోతే నేనెళ్తాను’ అంది. వెళ్ళి ఏం చేస్తావే, సంతకం పెట్టింది నేను కదా అన్నాను. ‘ఆ సంగతి గుర్తుందన్నమాట’ అని అదోలా చూసింది. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. ఏం కావాలన్నా గోడతో చెప్తోంది.

పోటీ గురించి నా మాట విను. ఈసారి పడ్డాక వెంటనే లేవకు. పోయినసారి తొందరపడ్డావు. అలాగే పడి ఉండు, కాసేపు కదలకు. జనం గుండెలు ఆగిపోవాలి.

అన్నయ్య

*

మార్చి 3

అన్నయ్యా,

ఇది నా చేతిరాత కాదు. నాకు కలం పట్టు దొరకడం లేదు. నేను చెప్తుంటే బండరాయి రాస్తోంది.

నువ్వు అంత కుస్తీ చూస్తావు కదా, ఒక్క సంగతి నీకెవరూ చెప్పినట్టు లేదు. భుజాలమీదికెత్తి పడేసినప్పుడు కాపాడేది ఎత్తినవాళ్ళు ఒక్కళ్ళే కాదు. ఎక్కినవాళ్ళు కుడిచేత్తో వాళ్ళ నడుంపట్టీ గట్టిగా పట్టుకోవాలి. ఆ పట్టుంటేనే ఒళ్ళు వెల్లకిలా దిగుతుంది, వీపంతా ఒకేసారి నేలకి తగులుతుంది. పట్టు వదిలితే తల ముందు దిగుతుంది. నా కుడిచేతికి పట్టు లేదు. నువ్వు చప్పట్లు కొట్టేది దానికే.

నిన్న తాలింఖానాలో మెత్తటి పరుపు మీద చేసి చూశాం. నా చెయ్యి జారిపోయింది. బండరాయి నన్ను మధ్యలోనే ఎలాగో ఒడిసి పట్టుకుని తను కింద పడింది. ఆమె మోచెయ్యి గీరుకుపోయింది.

శుక్రవారం దాకా చూస్తాను. పగలంతా గేటు దగ్గరే ఉంటాను.

నీ చెల్లి

అన్నగారికి నమస్కారం. మీరు తిట్టే మనిషినే. ఇది ఆమె చెప్పింది కాదు, నా అంతట నేను రాస్తున్నాను. ఎత్తేది నేను, పడెయ్యాల్సింది నేను. నాచేత ఆ పని చేయించకండి. దయచేసి రండి.

*

మార్చి 6

కందిరీగా,

చేతిరాత కూడా మార్చేశావు! గుండ్రటి అక్షరాలు, పొందిగ్గా, ఆ బండరాయికి ఎలాంటి రాత ఉంటుందని ఎవరూ అనుకోరో అచ్చం అలాంటిది. కింద ఆ నాలుగు ముక్కలు నేను రెండుసార్లు చదివి వినిపించాల్సి వచ్చింది. సెలూనాయన ఆ ఉత్తరం అద్దం పక్కన అంటించాడు.

ఎక్కువ రాయను, పనుంది. శనివారం డిపో నుంచి జనమంతా వస్తున్నారు, బయట బెంచీలు వేయిస్తున్నాం. పట్టీ నీదే. భయపడకు.

అన్నయ్య

*

మార్చి 10

చెల్లీ,

ఏం రాయాలో తెలియడం లేదు, అంత మండిపోతోంది.

అదొక పోటీయా? నేను పుట్టి బుద్ధెరిగాక ఇంత సిగ్గుమాలిన పోటీ చూడలేదు. కోటు దొర నయం! గంట కొట్టారు, ఇద్దరూ దగ్గరికొచ్చారు, ఆ బండరాయి నీ మెడమీద చెయ్యి వేసి చెవిలో ఏదో గొణిగింది. సరే, ఇప్పుడు ఎత్తుతుంది అనుకుని మేమంతా లేచి నిలబడ్డాం. అది నిన్నొదిలేసి, వెనక్కెళ్ళి, తనంతట తను వెల్లకిలా పడుకుంది! ఎవరూ ముట్టుకోకుండా! పక్కమీద పడుకున్నట్టు పడుకుంది! నువ్వు మోకాళ్ళమీద కూర్చుని దాని మీద చెయ్యి వేశావు, లేవలేదని మూడు అంకెలు లెక్కపెట్టేశారు, నువ్వు గెలిచావు, అయిపోయింది. జనం సీసాలు విసిరారంటే విసరరా మరి? నేను అక్కడుంటే నేనూ విసిరేవాణ్ణి.

అమ్ముడుపోయిందది. ఎవరో దాన్ని కొనేశారు. నీ పట్టీకి విలువ లేకుండా చేసింది. నువ్వైనా పట్టీ పైకెత్తి తిరగాలా వద్దా? చెయ్యి వేలాడేసుకుని, ఏడుస్తూ, దాని పక్కనే కూలబడ్డావు. గెలిచినవాళ్ళు ఏడుస్తారా? టైర్ల కొట్టాయన నావైపు చూశాడు. తల కొట్టేసినట్టయింది నాకు.

ఇది ఎవరి ఆలోచన? దీనికైనా జవాబు రాయి.

అన్నయ్య

*

మార్చి 16

అన్నయ్యా,

ఇంకొకళ్ళ చేత రాయిస్తే మళ్ళీ మెచ్చుకుంటావని ఎడంచేత్తో నేనే రాస్తున్నాను. రోజూ కాస్త కాస్త రాస్తున్నాను. వంకరటింకరగా ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ఎవరి ఆలోచన అని అడిగావు. బండరాయిది. నా మెడమీద చెయ్యి వేసి ఆమె చెవిలో అన్నమాట ఇది, ‘నేను ఎత్తను. పడుకుంటాను, చెయ్యి వెయ్యి.’ వద్దక్కా, నీ ఉద్యోగం పోతుందన్నాను. ‘పోనీ’ అంది. పడుకుంది. అప్పుడు నేనేం చెయ్యాలి? చెయ్యి వేశాను. గెలవాల్సింది ఆమె. కొత్త పట్టీ ఆమె నడుముకే కొలిచి కుట్టించారు. ఎన్నో ఏళ్ళు అందరూ అసహ్యించుకునే వేషమే కట్టి, ఆ ఒక్క రాత్రి కోసం ఎదురుచూసింది. ఆ రాత్రిని నాకోసం పారేసింది. ఒక సీసా వచ్చి ఆమె కనుబొమ్మ మీద తగిలింది. ఆమె అప్పుడు కూడా కదల్లేదు, కదిలితే లెక్క ఆగిపోతుందని.

పోటీ అయిన అరగంటలో యజమాని ఆమె పెట్టె గేటు బయట పెట్టించాడు. నా పెట్టె నేనే తెచ్చుకున్నాను. ఆమె ఒక చేత్తో కనుబొమ్మ అదుముకుని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ ఫొటోలు తీయించి చూసింది. మెడ దగ్గర ఎముక జరిగి నరాన్ని నొక్కుతోందట. ఇంకొక్కసారి తలమీద పడి ఉంటే మెడ కిందంతా చచ్చుబడిపోయేదని చెప్పింది. మామూలుగానే చెప్పింది, వాళ్ళకి అలవాటేమో. బండరాయి అక్కడే గోడకి జారగిలబడి ఏడ్చింది. కట్టు వేశారు. చెయ్యి తిరిగొస్తుందో రాదో చూడాలన్నారు.

ఇప్పుడు ఆమె వాళ్ళ పిన్ని ఇంట్లో ఒక గదిలో ఉంటున్నాం. పొద్దున్నే నాకు తల దువ్వి జడ వేస్తుంది. చాలా మెల్లగా వేస్తుంది. నువ్వు ఆమె మొహంలో జాలి లేదన్నావు. నిన్న నవ్వుతూ అదే చెప్పాను. ‘మీ అన్నగారికి నా నటన నచ్చిందన్నమాట’ అంది. నేను నవ్వలేకపోయాను.

శుక్రవారం చీకటి పడేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. వచ్చిన ప్రతి బస్సూ చూశాను. నువ్వు రాలేదని కాదు నా బాధ. చిన్నప్పట్నుంచీ నా ప్రతి ఆటా చూశావు, నేనెక్కడ కాలు పెట్టానో, ఎక్కడ తడబడ్డానో అన్నీ రాసేవాడివి. అంత చూసినవాడివి, నేను నిజంగా పిలిస్తే నీకు తెలుస్తుందనుకున్నాను. పోయినేడు అబద్ధం రాసింది నేనే, ఆ తప్పు నాది. కానీ తర్వాత నిజం చెప్పాను కదా. ఎన్నిసార్లు చెప్పాను!

ఈ ఉత్తరం సెలూన్లో చదువుకో. నాకిప్పుడు అభ్యంతరం లేదు.

చెల్లి

*

మార్చి 19

చెల్లెమ్మా,

నీ ఉత్తరం నేను చదవలేకపోయాను. మొదటి నాలుగు వరుసలు చూడగానే కళ్ళు మసకేశాయి. మీ వదిన నా చేతిలోంచి తీసుకుని చదివి వినిపించింది. మధ్యలో ఆపింది, మళ్ళీ చదివింది. అయిపోయాక లేచి వెళ్ళి పెట్టె సర్దడం మొదలుపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

సెలూన్‌కి వెళ్ళాను. చదవడానికి కాదు. అద్దం పక్కన అంటించిన ఆ ఉత్తరం తీసేశాను. ఏమైందని సెలూనాయన అడిగితే, నిజమట అన్నాను. అందరూ తల దించుకున్నారు.

ఆమెని బండరాయి అని రాయడానికి ఇప్పుడు నాకు చెయ్యి రావడం లేదు. అక్క అనొచ్చో లేదో తెలియదు, అడిగి చెప్పు. సీసా విసిరేవాణ్ణని రాశాను నేను. ఆ ముక్క ఆమెకి చూపించావా? చూపించినా సరే. ఏం మొహం పెట్టుకుని ఆమె గుమ్మం ఎక్కాలో తెలియదు కానీ ఎక్కుతాను. ఎడ్రస్ కవరు మీద ఉంది. సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా రేపు పొద్దుటి బస్సుకి నేనూ మీ వదినా బయల్దేరుతున్నాం. ఈ ఉత్తరం మాకంటే ముందొస్తుందో వెనకొస్తుందో. తలుపు తీయకపోతే మెట్ల మీద కూర్చుంటాను.

నీకు ఇన్ని ఉత్తరాలు రాశాను. పడ్డాక ఎంతసేపు పడి ఉండాలో రాశాను, ఎన్ని వేళ్ళు మొద్దుబారాలో కూడా రాశాను. ఒక్క మాట అడగలేదు.

బాగా నొప్పిగా ఉందా తల్లీ?

జవాబు రాయకు, చెయ్యి లాగుతుంది. నేను వచ్చి వింటాను.

అన్నయ్య